యానాదుల ఓటు నమోదు: ఫోన్‌లోనా, బీఎల్‌వో చేతికా?

నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో వెళ్లే యానాది కుటుంబాలకు ఫోన్‌లో దరఖాస్తే సులువనిపిస్తుంది. కానీ అందులో యజమాని నంబరు ఇస్తే ఓటీపీ, ఆ తర్వాతి కబుర్లు అన్నీ ఆయనకే పోతాయి. ఏదైనా కాగితం తక్కువైందన్నా వీళ్లకు తెలియదు.

కొత్త ఓటుకు పెట్టే ఫారం-6 నింపి బీఎల్‌వో (పోలింగ్ బూత్ పరిధిలో ఓటర్ల జాబితా చూసే అధికారి) చేతికివ్వడమే మేలు. ఫారం చివర ఉండే రసీదు చింపించి తీసుకోవాలి. ఇల్లే లేనివాళ్లకు చిరునామా పత్రం అక్కర్లేదు. వాళ్లు పడుకునే చోటుకు బీఎల్‌వో రాత్రిపూట వచ్చి చూడాలి. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు, గట్టిగా అడగండి. గుంట గట్టు మీది గుడిసైతే ఏ కాలువ పక్కనో, ఏ మోటారు షెడ్డు దగ్గరో గుర్తు రాయించండి.

పాత ఊళ్లో ఓటుంటే మాత్రం దాన్ని ఇక్కడికి మార్చుకోడానికి ఫారం-8 పెట్టాలి. ఓటరు కార్డు నంబరు, సొంత ఫోను ఉంటే దీనికి ఫోనే చాలు.