ఏజీఎస్ మేలా, గోడాట్ మేలా? తెలుగులో మాట్లాడే సైబర్‌పంక్ క్లిక్ గేమ్‌కు

విజయనగరం గంటస్తంభం చుట్టూ నియాన్ బోర్డులు, సన్నటి వాన, కింద ఒక టీ బండి. బండి పక్కన కూర్చున్న ముసలాయన మీద క్లిక్ చేస్తే "ఏటి బావూ, ఇంత రేత్రి ఒచ్చినావు?" అంటాడు. నియాన్ వెలుగుల భవిష్యత్ నగరాల్లో నడిచే ఇలాంటి కథల్నే సైబర్‌పంక్ అంటారు. అలాంటి పాతకాలపు పిక్సెల్ గేమ్ చేయాలనుకునేవాళ్ల ముందు సాధారణంగా గేమ్‌లు తయారుచేసే పనిముట్లు రెండుంటాయి. ఒకటి అడ్వెంచర్ గేమ్ స్టూడియో, పొట్టిగా ఏజీఎస్. రెండోది గోడాట్. రెండూ ఉచితమే, రెండింటి సోర్స్ కోడూ బాహాటమే, కాబట్టి డబ్బు మాట పక్కన పెట్టేయొచ్చు. తేల్చుకోవలసింది వేరే ఉంది: ఆ ముసలాయన మాట తెర మీద తెలుగు లిపిలో పడాలా, వద్దా?

పడాలంటే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండింట్లోనూ ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ఒకే తెలుగు ఫాంటు పెట్టి, "స్త్రీ" అని రాయించండి. మనకిది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి సకు గుడిదీర్ఘం పెట్టి, కింద త వత్తు, ర వత్తు వేయడం షేపింగ్ అనే పని. గోడాట్‌కు 2023 మార్చిలో వచ్చిన 4వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తోంది. అక్షరం సరిగ్గా పడుతుంది. గోడాట్ 3లో పడదు, పాత పాఠాలు చూసి అది దించుకోకండి. ఏజీఎస్ 3.6 నుంచి యూనికోడ్ చదువుతుంది గాని షేపింగ్ చేయదు. ఆరు ముక్కలనూ వరసగా పక్కపక్కన పేరుస్తుంది, వత్తులు అసలు పుట్టవు.

ఏజీఎస్‌లోనే చేయాలన్న పట్టుదల ఉంటే రెండు ఉపాయాలున్నాయి. ప్రతి సంభాషణనూ బొమ్మగా తయారుచేసి స్ప్రైట్‌గా (గేమ్ తెర మీద చూపే విడి బొమ్మగా) ఎక్కించడం మొదటిది. రెండు వందల మాటల చిన్న గేమ్‌కు సరిపోతుంది. అంతకు మించితే ఒక్క అచ్చుతప్పు దిద్దడానికి కూడా మళ్లీ బొమ్మ చేసి ఎక్కించాలి. రెండోది మన డీటీపీ షాపుల పద్ధతి. అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టినవాళ్లకు ఇది కొత్త కాదు: తలకట్టు, గుడి, వత్తు ఒక్కొక్కదానికీ ఒక్కో సంకేతం ఇచ్చి, యూనికోడ్ పాఠాన్ని ఆ వరసలోకి మార్చే చిన్న స్క్రిప్టు రాసుకోవడం. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ల తయారీ సాఫ్ట్‌వేర్‌లో సొంత ఫాంటు కట్టుకుంటే నడుస్తుంది. కానీ వత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలో చేత్తో సరిచూసుకోవాలి. కొనుక్కునే ఫాంట్లను లైసెన్సు లేకుండా గేమ్‌లో పొదగకూడదు.

ఫాంటు కోసం వెతకనక్కర్లేదు. గురజాడ, గిడుగు పేర్లతోనే ఓపెన్ లైసెన్సు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. నియాన్ బోర్డులకు, టైటిల్‌కు అవి వాడి, సంభాషణకు నోటో సాన్స్ తెలుగు పెట్టడం మంచిది, చిన్న సైజులో అదే తేటగా ఉంటుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం నేల మీద పుట్టినవాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తయారయ్యే గేమ్‌లో పాత్రలు "ఎక్కడికి వెళ్లిపోయాడు" అనకుండా "ఎక్కడికెల్లిపోనాడు" అంటేనే ఆ వీధి ఆ వీధిలా ఉంటుంది.

ఎన్ని పిక్సెళ్లు?

తెలుగు లిపి వల్ల వచ్చే రెండో చిక్కు ఇది. 1994 నాటి సైబర్‌పంక్ గేమ్ బినీత్ ఎ స్టీల్ స్కై 320×200 పిక్సెళ్లలో, 256 రంగుల్లో నడిచింది. ఇప్పటి వెడల్పు తెరలకు 320×180 సరిగ్గా కుదురుతుంది: నాలుగింతలు చేస్తే 1280×720, ఆరింతలు చేస్తే 1920×1080. ఇంగ్లిష్ అక్షరం 8 పిక్సెళ్ల ఎత్తులో కూడా చదవొచ్చు. తెలుగుకు పైన గుడి, నడుమ అక్షరం, కింద వత్తు, మొత్తం మూడంతస్తులు. 16 పిక్సెళ్లకు తగ్గితే ప, ఫ, ష ఒకేలా కనబడతాయి. వరసకు 18 చొప్పున రెండు వరసలు వేస్తే 36 పిక్సెళ్లు, అంటే తెరలో అయిదో వంతు మాటలకే పోతుంది.

ఏజీఎస్‌లో బొమ్మకూ అక్షరానికీ ఒకటే రిజల్యూషన్. కాబట్టి 640×360కి వెళ్లి, 320×180లో గీసిన బొమ్మలను రెండింతలు చేసి ఎక్కించాలి. గోడాట్‌లో స్ట్రెచ్ మోడ్ అనే సెట్టింగ్ ఈ ముడి విప్పుతుంది. దాన్ని "వ్యూపోర్ట్"లో పెడితే అంతా 320×180లోనే గీసి పెంచుతుంది, తెలుగు ముద్దయిపోతుంది. "క్యాన్వాస్ ఐటమ్స్"లో పెడితే బొమ్మలు పెద్ద పిక్సెళ్లుగానే ఉంటాయి, అక్షరాలు మాత్రం అసలు తెర రిజల్యూషన్‌లో గీస్తుంది. ఫాంటు సైజు 10 అంటే నాలుగింతల తెర మీద 40, వత్తులతో సహా స్పష్టంగా చదవొచ్చు. దీనితోపాటు టెక్స్చర్ ఫిల్టర్ "నియరెస్ట్"కు, స్కేల్ మోడ్ "ఇంటీజర్"కు మార్చాలి. ఈ రెండోది 4.2 నుంచి ఉంది. 1366×768 ల్యాప్‌టాప్ మీద ఇంటీజర్ లేకపోతే 4.27 రెట్లు పెరిగి కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. ఉంటే సరిగ్గా నాలుగింతలై, చుట్టూ కాస్త నల్ల అంచు మిగులుతుంది. క్యాన్వాస్ ఐటమ్స్‌లో నడిచే పాత్ర పిక్సెల్‌లో పావు వంతు కూడా జరగగలదు. అది పాతకాలపు నడకలా ఉండదు కాబట్టి, స్థానాన్ని ప్రతి ఫ్రేములోనూ పూర్ణాంకానికి సవరించండి.

మాటలు ఒక్కో అక్షరంగా టైపవుతున్నట్టు చూపిస్తే గోడాట్‌లోనూ పొరపాటు జరుగుతుంది. మామూలు సెట్టింగ్‌లో "క్షమించు" అన్న మాట క, క్, క్ష అని రూపం మార్చుకుంటూ మినుకుమంటుంది. విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ను "షేపింగ్ తరువాత" అన్నదానికి మారిస్తే అక్షరం పూర్తి రూపంతోనే వస్తుంది.

గది కట్టడంలో

ఇక్కడ ఏజీఎస్‌దే పైచేయి, ఆ మాట ఒప్పుకోవాలి. 1997 నుంచి ఈ ఒక్క రకం గేమ్ కోసమే పెరిగిన పనిముట్టు అది. నడిచే చోటు, క్లిక్ చేసే వస్తువులు కుంచెతో పూసినట్టు పూయడమే. సామాన్ల సంచి, సంభాషణల చెట్టు, సేవ్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఎడమ క్లిక్‌కు పని, కుడి క్లిక్‌కు చూపు అనే బీఏఎస్‌ఎస్ (బినీత్ ఎ స్టీల్ స్కై) టెంప్లేట్‌తో మొదలుపెడితే మొదటి గది ఒక సాయంత్రంలో నడుస్తుంది. ఎడిటర్ మాత్రం విండోస్‌దే.

ఉత్త గోడాట్‌లో ఇవన్నీ కట్టుకోవడం వారాల పని. అందుకే పోపోచియు అనే ఉచిత యాడాన్ వేసుకోవాలి. గది, పాత్ర, వస్తువు, సంభాషణ అనే ఏజీఎస్ వరుసే అందులోనూ ఉంటుంది. తేడా ఒకచోట తగులుతుంది. ఏజీఎస్‌లో పాత్ర మాట ముగిసేదాకా తరువాతి ఆదేశం దానంతటదే ఆగుతుంది. పోపోచియులో ముందు "అవెయిట్" రాయాలి. మరిచిపోతే ముసలాయన మాట పూర్తవకుండానే హీరో జవాబు దాని మీద పడిపోతుంది.

టీ బండి వెనక్కి పాత్ర వెళ్లడం చూడండి. బండి చక్రాలు నేలను తాకేది పై నుంచి 142వ పిక్సెల్ దగ్గర అనుకుందాం. ఏజీఎస్‌లో బండి ఆకారాన్ని వాక్-బిహైండ్‌గా (పాత్ర వెనక్కి వెళ్లగల చోటుగా) పూసి, దాని బేస్‌లైన్ 142 అని పెడితే చాలు. గోడాట్‌లో బండిని వేరే పీఎన్‌జీగా కత్తిరించి, నోడ్‌ను (గోడాట్‌లో ఒక్కో వస్తువుకు ఉండే ముక్కను) 142 దగ్గర ఉంచి, బొమ్మను పైకి జరిపి, వై-సార్ట్ (తెరలో కింద ఉన్నదాన్ని ముందు చూపే అమరిక) వేయాలి. నోడ్ బండి మధ్యలోనే ఉండిపోతే వెనక నిలబడ్డ పాత్ర బండి ముందుకొచ్చేస్తుంది. దూరం వెళ్తే పాత్ర చిన్నదయ్యే స్కేలింగ్ జోలికి రెండింట్లోనూ పోవద్దు. 50 పిక్సెళ్ల మనిషిని 83 శాతానికి తగ్గిస్తే కళ్లు, వేళ్లు చెరిగిపోతాయి.

నియాన్ వెలుగులు పారించే పాత పద్ధతి, అంటే బొమ్మను కదపకుండా రంగుల వరసను తిప్పడం, ఏజీఎస్‌లో సైకిల్‌పాలెట్ పేరుతో ఉంది. అది 256 రంగుల గేముల్లోనే పనిచేస్తుంది. అక్కడ వాన పొరకు కావలసిన పాక్షిక పారదర్శకత ఉండదు. గోడాట్‌లో కొద్ది వరసల షేడర్ (తెర మీది రంగులను మార్చే చిన్న ప్రోగ్రాము) రాస్తే రెండూ కలిసి వస్తాయి.

యూనిటీ అనే మరో గేమ్ ఇంజిన్‌లో ఇలాంటి గేమ్‌ల కోసం ఉన్న పవర్‌క్వెస్ట్ చక్కటి పనిముట్టే గాని, అక్షరాలు చూపే యూనిటీ టెక్స్ట్‌మెష్ ప్రోలోనూ తెలుగు షేపింగ్ లేదు.

కాబట్టి మాటలు ఇంగ్లిష్‌లో రాసి, శ్రీకాకుళం యాసను గొంతుతో వినిపించే ఆలోచన ఉంటే ఏజీఎస్ తీసుకోండి. తెలుగు తెర మీద కనబడాలంటే గోడాట్ 4, పోపోచియు. పాత ల్యాప్‌టాప్‌ల కోసం రెండరర్‌ను (బొమ్మ గీసే పద్ధతిని) "కంపాటిబిలిటీ"లో పెట్టండి. మాటలన్నీ సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) ఫైల్‌లో ఉంచుకుంటే యాస సరిచూసేవాళ్లకు ఇవ్వడం సులువు. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోమని వాళ్లకు ముందే చెప్పండి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలై తిరిగొస్తుంది, అప్పుడు దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.