బుల్లెట్ బ్రీదర్ నుంచి ఆయిల్: కొర్లగుంట పెద్దాయన షెడ్డులో మూడు రోజులు

ముందు రేటు చెప్పేస్తాను, చాలామంది దానికోసమే చదువుతారు. అయిన ఖర్చు 480 రూపాయలు. ఇదే బండికి, ఇదే జబ్బుకు, వారం ముందు ఇంకో చోట కాగితం మీద రాసిచ్చింది 14,000.

బండి మా నాన్న 1994లో కొన్న బుల్లెట్ 350. కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. నాకు తిరుపతిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. వారానికోసారి చిత్తూరు పోయి రావాలి, బస్సులో పోవచ్చు కానీ పోను. మొన్నామధ్య కిక్కు వెనక్కి తన్ని మడమ బెణికింది. నెలన్నర బండి గోడవారనే ఉండిపోయింది. కట్టు విప్పాక దగ్గర్లో ఉన్న షాపుకు తోయించుకుపోతే, అక్కడి కుర్రాడు ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూసి "అన్నా, ఆయిల్ అడుగంటింది" అన్నాడు. లీటరు డబ్బా తెరిచి మొత్తం పోసేశాడు. నేనూ పక్కనే నిలబడి చూశాను, అదేంటని అడగలేదు.

మర్నాడు చిత్తూరుకు బయలుదేరాను. చంద్రగిరి దాటాక ఎడమ ప్యాంటు అంచు కాలికి అతుక్కుంటున్నట్టు అనిపించింది. పూతలపట్టు దగ్గర టీకని ఆపి చూసుకుంటే చెప్పు నల్లగా ఉంది. చైను నిండా ఆయిల్, చైను నుంచి వెనక టైరు పక్కకు కూడా చిమ్మింది. ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు కొస నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. అలిపిరి దాటి ఘాట్ మలుపుల్లో ఉండగా ఇలా అయ్యుంటే ఏమిటని ఆలోచిస్తే టీ గొంతు దిగలేదు. టైరు తుడుచుకుని ముప్పై స్పీడులో వెనక్కి వచ్చాను.

అదే షాపుకు పోతే, "రింగులు పోయినాయి, బోరు చేయాలి, ఇంజన్ దించాల్సిందే" అన్నారు. అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయని, సిలిండర్ లోపలి గోడ మళ్ళీ చెక్కాలని. స్పానర్ ముట్టకుండానే ఎస్టిమేటు చేతికొచ్చింది. మా బావమరిది పుణ్యమా అని కొర్లగుంట వైపున్న ఈ మెకానిక్ షెడ్డు తెలిసింది.

షెడ్డుకు బోర్డు లేదు. కూర్చోడానికి ఒక టైరు, దాని మీద ఒక చెక్క. పెద్దాయన పదిన్నరకు ముందు రాడు, వచ్చాక కూడా ముందు అగరుబత్తి, తర్వాత టీ. ఫోనెత్తడు. తొందరపెడితే కసురుతాడు. ఇవన్నీ ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను ఆయిల్ సంగతి మొదలుపెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్నాళ్ళు నిలబెట్టినారు స్వామీ?" రెండోది, "ఎంత పోసినారు?" రెండిటికీ జవాబు చెప్పాక నవ్వాడు. ఈ ఇంజన్‌లో ఆయిల్ ఉండే గది వేరు, పిస్టన్ కింద క్రాంక్ అనే ఇరుసు తిరిగే గది వేరు. బండి వారాల తరబడి నిలబడితే పంపు సందుల్లోంచి ఆయిల్ మెల్లగా క్రాంక్ గదిలోకి దిగిపోతుంది. డిప్‌స్టిక్ ఉండేది ఆయిల్ గదిలో కాబట్టి అది ఖాళీ అని చెబుతుంది. "అది యాడికీ పోలేదు, కడుపులోనే ఉంది. ఆకలేస్తోందేమో అని మీరు మళ్ళీ పెట్టినారు. కక్కక ఏం చేస్తుంది?"

అయినా అంతటితో ఆగలేదు, నాకు నచ్చింది అదే. ముందు ప్లగ్గు ఊడదీసి వెలుతురులో తిప్పి చూపించాడు. కాఫీపొడి రంగులో పొడిగా ఉంది. రింగుల దగ్గర ఆయిల్ పైకి లేస్తుంటే ప్లగ్గు తడిగా, నల్లగా ఉంటుందట, పొగ కూడా నీలంగా వస్తుందట. తర్వాత ప్లగ్గు బిగించి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే మీట, డీకంప్రెసర్ పట్టకుండా నన్ను కిక్కు మీద నిలబడమన్నాడు. మడమ గురించి చెబితే, "తన్నొద్దు, ఊరికే బరువు మోపండి చాలు" అన్నాడు. నిలబడ్డాను. డెబ్భై ఎనిమిది కిలోల నన్ను మోసుకుని కిక్కు అక్కడే నిలిచింది. ఆయన పది దాకా లెక్కపెట్టాక మెల్లగా కిందికి జారింది. "రింగులు పోయుంటే మీరు ఈపాటికి నేల మీద ఉండేవాళ్ళు."

తర్వాత బ్రీదర్ విప్పాడు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న గాలి బయటికి పోవాలి. 350 సీసీ బండికి అది దగ్గర దగ్గర 350 సీసీల గాలి. పిస్టన్ పైకి లేచేటప్పుడు మాత్రం బయటి గాలి లోపలికి రాకూడదు. అందుకని బాతుముక్కు లాంటి రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, బయటికి తెరుచుకుంటుంది, లోపలికి మూసుకుంటుంది. పెద్దాయన దాన్ని పెట్రోలులో ముంచి, లుంగీ కొంగుతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి పోయింది. పీల్చాడు. అప్పుడూ వచ్చింది. నా చేతికిచ్చి నొక్కమన్నాడు. ఎండిన తోలులా గట్టిగా ఉంది, పెదవి దగ్గర గోటి పొడవు చీలిక. ఇది మూసుకోకపోతే పీల్చిన గాలి మళ్ళీ లోపలే పోగవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆయిల్ దొరికితే దాన్నీ వెంటబెట్టుకుని బయటపడుతుంది. మొత్తానికి తప్పు రెండు చోట్ల ఉంది: ఎక్కువ పోసిన ఆయిల్, ఈ రబ్బరు. అందులో రబ్బరు వయసు మీద పడి పోయింది, దానికి ఎవరినీ అనలేం.

ఆయిలంతా దించి కొలిస్తే మూడు లీటర్లకు కొంచెం తక్కువ. ఈ ఇంజన్‌కు పట్టాల్సింది రెండుంపావు. నిలబెట్టక ముందే మార్చిన ఆయిల్, ఐదొందల కిలోమీటర్లు కూడా తిరగలేదు, అందుకని పారబోయకుండా సన్న జాలీలో వడకట్టి కొలిచి తిరిగి పోశాడు. మిగిలింది నాకే ఇచ్చాడు. రబ్బరు దొరకడానికి రెండు రోజులు పట్టింది. రోజూ ఫోన్ చేశాను, చెప్పాను కదా, ఎత్తలేదు. ఆ రెండు రోజులూ కొట్టు సామాన్లు ఆటోలో తెప్పించుకున్నాను, ఆ ఖర్చు ఇందులో కలపలేదు.

కొత్త రబ్బరు వేశాక పైపు కొసకు ఒక ఖాళీ నీళ్ళ బాటిల్ తీగతో కట్టి, మూత దగ్గర గాలి పోవడానికి బెజ్జం పెట్టి, "రేణిగుంట దాకా పోయి రాండి" అన్నాడు. పోయొచ్చాను. బాటిల్ అడుగున చెంచాడు కూడా లేదు, అదీ నీళ్ళూ ఆయిలూ కలిసి మజ్జిగలా తెల్లగా ఉంది. పాత ఇంజన్‌కు ఆ మాత్రం ఆవిరి మామూలే అన్నాడు. డిప్‌స్టిక్ ఎప్పుడు చూడాలో కూడా చెప్పాడు: ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి. పొద్దున లేవగానే చూసి పోయకూడదు.

బిల్లు ఇవ్వడు. కూలి 400, రబ్బరు, కొత్త పైపు కలిపి 80. ఫోన్‌పే ఉంది కానీ అది కొడుకు నంబరు, కొడుకు అన్నానికి పోతే మీరు ఆగాలి.

మూడు వారాలయింది, చిత్తూరుకు మూడుసార్లు పోయొచ్చాను, టైరు పొడిగా ఉంది. అలవాటు కొద్దీ రాత్రిళ్ళు బండి కింద పేపరు పరుస్తున్నాను. నిన్న దాని మీద రెండు చుక్కలు కనిపించాయి. బ్రీదర్ వైపు కాదు, గేర్‌బాక్సు కింద. ఆదివారం మళ్ళీ ఆ టైరు మీద కూర్చోవాలి.