తమిళ పిల్లల పలుకు: ఇంట్లో సాధనా, స్పీచ్ థెరపిస్టా?

మూడేళ్ల పాపను ‘పఴం’ (పండు) అనమంటే ‘పయం’ అంటుంది. నాలుక మడిచి పలికే ఆ ‘ఴ’ మన పాత శాసనాల్లోనూ ఉండేది. పిల్లలకు ఆలస్యంగా పట్టుబడే ధ్వనుల్లో అదొకటి. దక్షిణ తమిళనాడులో పెద్దవాళ్లే చాలామంది దాన్ని ‘ళ’ అంటారు. ఆ ఇంటి బిడ్డ ‘పళం’ అంటే తప్పు కాదు, ఊరి యాస.

ఖర్చు: ఇంట్లో ఏమీ లేదు. థెరపీకి ప్రైవేటులో సిట్టింగుకింత ఫీజు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఉచితం.

శ్రమ: ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. ‘యార్ తచ్చ సట్టై, తాత్తా తచ్చ సట్టై’ (ఎవరు కుట్టిన చొక్కా, తాత కుట్టిన చొక్కా) లాంటి నాలుక తిప్పే మాటల ఆట ఆడిస్తే నవ్వుతూ పలుకుతారు. ‘మళ్లీ సరిగ్గా చెప్పు’ అని మాత్రం గద్దించకండి, బిడ్డ నోరే విప్పదు. మీరు సరిగా పలికి వినిపించండి. థెరపీకైతే వారం వారం తిరగాలి, చెప్పిన అభ్యాసం ఇంట్లోనూ చేయించాలి.

ప్రమాదం: ఆగితే వినికిడి లోపం బయటపడకుండా ఉండిపోవచ్చు. తొందరపడి వెళ్తే పోయేది కొంత డబ్బూ సమయమే.

నాలుగేళ్ల బిడ్డకు ఒక్క ‘ఴ’, ‘ఱ’ రాకపోతే ఇల్లు చాలు. నాలుగు నిండినా బయటివాళ్లకు మాట అర్థం కావడం లేదా? ముందు వినికిడి పరీక్ష, వెంటనే థెరపిస్టు.