ఆరు కొలతలు అడిగే బ్రా సైజు కాలిక్యులేటర్: ఒక టైలర్ రివ్యూ

మెడలో టేపు వేసుకుని రోజంతా పనిచేసేదాన్ని నేను. నలుగురి ఒంటి కొలతలు తీయడమే నా వృత్తి. ‘ఎ బ్రా దట్ ఫిట్స్’ అనే ఉచిత కాలిక్యులేటర్‌ను ఒక కస్టమర్ ఫోన్‌లో చూపించినప్పుడు నా కళ్లు మొదట అది అడిగే కొలతల మీదే పడ్డాయి. బ్రా సైజుకు మామూలుగా రెండే కొలతలు చూస్తారు: రొమ్ముల కింద ఒకటి, రొమ్ముల మీదుగా ఒకటి. ఇది ఆరు అడుగుతుంది. ఎక్కువ అనిపిస్తుంది కానీ ఒక్కోదానికీ కారణం ఉంది.

రొమ్ముల కింద చుట్టుకొలత మూడుసార్లు తీయాలి. టేపు జారిపోకుండా వదులుగా ఒకసారి, ఒంటికి హత్తుకునేలా ఒకసారి, ఊపిరంతా వదిలేసి గట్టిగా లాగి ఒకసారి. కొందరికి పక్కటెముకల మీద కండ, కొవ్వు తక్కువ. వాళ్లకు వదులుకీ బిగువుకీ పెద్ద తేడా రాదు. ఇంకొందరికి రెండు మూడు అంగుళాలు తేడా వస్తుంది. బ్యాండ్, అంటే రొమ్ముల కింద ఒంటి చుట్టూ వచ్చే పట్టీ, ఎంత బిగువుగా ఉంటే ఒంటికి సుఖమో ఆ తేడానే చెబుతుంది. ఇక రొమ్ముల మీదుగా కొలత నిలబడి ఒకటి, నడుము దగ్గర 90 డిగ్రీలు ముందుకు వంగి ఒకటి, వెల్లకిలా పడుకుని ఒకటి. ఇక్కడ టేపు ఒంటిని తాకాలి తప్ప నొక్కకూడదు. నిలబడినప్పుడు మెత్తటి రొమ్ము కిందికి జారుతుంది, టేపు దాన్నంతా పట్టుకోలేదు. వంగితే ఉన్నదంతా ముందుకు వస్తుంది. పడుకుంటే పక్కలకు సర్దుకుంటుంది. మూడూ కలిపి చూస్తేనే అసలు పరిమాణం మీద ఒక అంచనా వస్తుంది.

నా అంకెలే చెబుతాను. కింద కొలతలు 31, 30, 28.5 అంగుళాలు. మీదుగా 35, 37, 35.5. కాలిక్యులేటర్ నాకు బ్రిటిష్ లెక్కలో 30 డబుల్ డి, 30ఇ సైజుల దగ్గర మొదలుపెట్టమంది. ఇందులో అంకె బ్యాండ్‌ది, అక్షరం కప్పుది. అంతకుముందు ఒక షాపులో వేసుకున్న బట్టల మీదే టేపు చుట్టి 34బి అన్నారు. ఆ లెక్క ఎలా వచ్చిందో టైలర్‌గా నాకు వెంటనే అర్థమైంది. కింద 30 వచ్చింది, దానికి 4 కలిపి 34 చేశారు. పైన బట్టలతో కలిపి 36. తేడా 2, అంటే బి. ఆ నాలుగు కలిపే పాత పద్ధతి ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. సాగే బట్టతో కుట్టిన బ్యాండ్‌కు నాలుగు అంగుళాలు కలిపితే వీపు మీద అది పైకి పాకుతుంది, బరువంతా భుజాల పట్టీల మీద పడుతుంది. బరువును ఎక్కువగా మోయాల్సింది బ్యాండే. సాయంత్రానికి భుజాల మీద ఎర్రటి గాట్లు పడుతుంటే పట్టీలను తిట్టుకోకండి, ముందు బ్యాండ్ చూసుకోండి.

‘డి అంటే చాలా పెద్దది’ అని నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు తరచూ అంటారు. 1932లో ఎస్.ఎచ్. క్యాంప్ అనే అమెరికన్ కంపెనీ రొమ్ముల పరిమాణం చెప్పడానికి ఎ, బి, సి, డి అక్షరాలను వాడింది. అప్పట్లో డి ఆఖరిది కాబట్టి ఆ భయం అలాగే ఉండిపోయిందేమో. అక్షరం ఒక్కటే ఏమీ చెప్పదు. 34సి, 32డి, 36బి కప్పుల్లో పట్టే పరిమాణం దాదాపు ఒక్కటే, బ్యాండ్ మాత్రమే మారుతుంది. కాబట్టి 30ఇ అని వస్తే కంగారు పడకండి.

ఎంత మంచి కాలిక్యులేటరైనా తప్పు అంకె ఇస్తే తప్పు సైజే చెబుతుంది. చాలా వాడిన బట్ట టేపు సాగిపోతుంది, ముందు దాన్ని స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. అద్దానికి పక్కగా నిలబడండి, ఎందుకంటే వీపు వైపు టేపు కిందికి జారినా పైకి ఎక్కినా ముందు నుంచి తెలియదు. పడుకుని తీసే కొలతకు టేపును ముందే మంచం మీద అడ్డంగా పరిచి దాని మీద పడుకోవాలి. పడుకున్నాక వీపు కిందికి దూర్చబోతే మెలిక పడుతుంది. వంగినప్పుడు అంకె చదవడం కష్టం. టేపు కలిసిన చోట గోటితో పట్టుకుని లేచి చూసుకోండి. కొలిచేటప్పుడు ప్యాడ్ ఉన్న బ్రా వద్దు, అసలు లేకపోతే ఇంకా మంచిది.

సైజు తెలిశాక అసలు పరీక్ష వేసుకుని చూడటమే. కొత్త బ్రాను చివరి హుక్కుల్లో, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండేచోట పెట్టుకోండి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులు పనికొస్తాయి. ముందుకు వంగి, చంక వైపు మిగిలినదాన్ని చేత్తో కప్పులోకి సర్దుకోండి. ఇలా చేశాక సరిపోయిందనుకున్న కప్పు చాలామందికి చిన్నదైపోతుంది. వైరు ఉన్నదైతే రెండు కప్పుల మధ్యభాగం ఛాతీ నడిమి ఎముకకు ఆనాలి, వైరు రొమ్ము చుట్టూ ఉండాలి తప్ప మీద ఎక్కకూడదు. చేతులు పైకెత్తితే బ్యాండ్ కదలకూడదు. రెండు రొమ్ములూ సమానంగా లేకపోవడం మామూలే, పెద్దదానికి సరిపోయేలా తీసుకోండి.

దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, టేపు ఆకారాన్ని కొలవలేదు. ఒకే అంకెలు వచ్చిన ఇద్దరిలో ఒకరికి రొమ్ము వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, మరొకరికి తక్కువచోటే ముందుకు వస్తుంది. ఇద్దరికీ ఒకే కప్పు కుదరదు. పైగా డి దాటాక దేశాన్ని బట్టి అక్షరాలు మారతాయి. బ్రిటిష్ డబుల్ డి తర్వాత ఇ వస్తే, అమెరికన్ కంపెనీలు కొన్ని దాన్నే ట్రిపుల్ డి అంటాయి. కొనేముందు ఆ కంపెనీ ఏ దేశపు లెక్క వాడుతుందో చూడాలి. చిన్న బ్యాండ్, పెద్ద కప్పు కలిసిన సైజులు అన్ని షాపుల్లో దొరకవు, అది మాత్రం కాలిక్యులేటర్ తప్పు కాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ అంకెను నమ్ముకుని ఒకేసారి నాలుగైదు కొనొద్దు. పాలిచ్చే రోజుల్లో ఉదయానికీ సాయంత్రానికీ కొలత మారిపోతుంది. వాళ్లు వైరు లేని, బాగా సాగే రకం ఒకటి రెండు తీసుకుని, ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ ఆరు కొలతలూ తీసుకుంటే సరిపోతుంది.