పోయినవారి బీమా పాలసీ వెతకడానికి ఏది మేలు: వెబ్‌సైటా, పాస్‌బుక్కా, బ్రాంచా?

చాలా ఇళ్లలో పెద్దాయన పోయాక "నాన్నగారు ఏదో ఎల్ఐసీ కట్టేవారు" అన్న మాట తప్ప ఇంకేమీ మిగలదు. బాండు కనబడదు, ఏజెంటు ఎవరో తెలియదు. అప్పుడు పిల్లలు ముందుగా చేసేది కంపెనీ వెబ్‌సైట్లో 'అన్‌క్లెయిమ్డ్ అమౌంట్స్' పేజీ తెరిచి పేరు కొట్టి చూడటం. రికార్డు లేదని వస్తే పాలసీయే లేదనుకుని వదిలేస్తారు. డబ్బు పోయేది అక్కడే.

ఆ పేజీలో ఉండేది, తాము ఇవ్వాలని కంపెనీ ఇప్పటికే తేల్చుకున్న సొమ్ము. గడువు తీరిన పాలసీ, మనీబ్యాక్ వాయిదా, వెనక్కివ్వాల్సిన ప్రీమియం, చెప్పినా తెమలక ఆగిన డెత్ క్లెయిమ్ లాంటివి, అవీ చెల్లించాల్సిన తేదీ దాటి 12 నెలలు గడిచినవి. మనిషి పోయిన సంగతే ఎవరూ చెప్పకపోతే కంపెనీ లెక్కలో ఆయన బతికే ఉన్నారు. ప్రీమియం రావడం ఆగింది కాబట్టి పాలసీ మీద 'ల్యాప్స్' (ప్రీమియం కట్టక ఆగిపోయింది) అని పడుతుంది, అంతే. నిన్నమొన్న పోయినవారి పాలసీ ఆ జాబితాలో కనబడకపోవడమే మామూలు.

వెబ్‌సైట్లో వెతకడంలోనూ తిప్పలున్నాయి. ఎల్ఐసీ పేజీలో పాలసీ నంబరు, పాన్ లేకపోయినా పేరు, పుట్టినతేదీ ఇవ్వాలి. మన పేర్లతోనే వస్తుంది చిక్కు. ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొడి అక్షరమా పూర్తి పేరా, 'వెంకటేశ్వర్లు'లో ఎన్ని అక్షరాలు రాశారు, అన్నీ మార్చి మార్చి కొట్టాలి. తేదీ కూడా అంతే. ఆధార్‌లో జనవరి 1 అని ఉన్నా, పాలసీలో పదో తరగతి సర్టిఫికెట్ తేదీ ఉండొచ్చు. పెళ్లికి ముందు కట్టిన ఆడవాళ్ల పాలసీ పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది.

పాస్‌బుక్కు దగ్గర ఈ తంటా లేదు. పోయినవారి ఖాతా స్టేట్‌మెంట్‌ను నామినీ గానీ వారసులు గానీ డెత్ సర్టిఫికెట్‌తో బ్యాంకులో అడగాలి. ఆరు నెలలది తీసుకుంటే చాలదు. ఏడాదికోసారి కట్టే ప్రీమియం అందులో దొరక్కపోవచ్చు కాబట్టి కనీసం రెండు మూడేళ్లది కావాలి. ఎన్ఏసీహెచ్, ఈసీఎస్ (ఖాతా నుంచి దానంతటదే కోతపడే చెల్లింపులు) పేరుతో పోయిన ప్రతి మొత్తం పక్కనా ఏ కంపెనీ పేరుందో చూడండి. మే చివర్లోనో జూన్‌లోనో 436 రూపాయలు పోయి ఉంటే (2022 జూన్‌కు ముందైతే 330) అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, కవర్ 2 లక్షలు. 20 రూపాయలు పోతే సురక్షా బీమా, అది ప్రమాదానికి మాత్రమే. ఈ రెండింటికీ బాండు ఇంటికి రాదు, అందుకే ఇంట్లోవాళ్లకు తెలియదు. క్లెయిమ్ ఆ బ్యాంకు బ్రాంచిలోనే ఇవ్వాలి. హోమ్‌లోన్‌తో పాటు అంటగట్టిన బీమా మాత్రం ఇలా దొరక్కపోవచ్చు. దాని ప్రీమియం చాలాసార్లు లోన్ ఇచ్చిన రోజే ఒక్కసారిగా కోసేసుకుంటారు. శాంక్షన్ లెటర్ తిరగెయ్యండి.

స్టేట్‌మెంట్ వల్ల ఇంకో పెద్ద లాభం, చివరి ప్రీమియం ఏ తేదీన కట్టారో తేలిపోతుంది. సాధారణంగా గడువు తర్వాత 30 రోజులు (నెలవారీ అయితే 15) గ్రేస్, అంటే అదనపు గడువు ఉంటుంది. ఆలోపు పోతే, బాకీ ప్రీమియం మినహాయించి పూర్తి మొత్తం ఇస్తారు. ల్యాప్సయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఎల్ఐసీలో కనీసం మూడేళ్లు కట్టాక, కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి ఆరు నెలల్లోపు మరణిస్తే, ఐదేళ్లు కట్టి ఉంటే ఏడాదిలోపు మరణిస్తే, పూర్తి కవర్ ఇచ్చే సడలింపు ఎన్నో పాలసీలకు ఉంది. అదీ దాటితే పెయిడప్ విలువైనా (కట్టిన ప్రీమియాల మేరకు తగ్గిన మొత్తం) రావచ్చు. కౌంటర్లో "ల్యాప్సయింది" అన్న ఒక్క మాటకు వెనక్కి తిరిగి రావద్దు.

ఏజెంటుకు చేతికి నగదు ఇచ్చి కట్టినవాళ్ల సంగతి వేరు. పాస్‌బుక్కులో జాడ ఉండదు. అక్కడ బీమా కంపెనీ బ్రాంచే దిక్కు. ఊరికి దగ్గరి బ్రాంచిలో డెత్ సర్టిఫికెట్, ఆధార్ పెట్టి, పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీతో వెతకమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. పాత రసీదు ఒక్కటి దొరికినా పాలసీ నంబరు, ఏ బ్రాంచో తెలిసిపోతుంది. బీరువాలోనే కాదు, పాత డైరీల్లో, భూమి పాస్‌పుస్తకం కవర్లో కూడా చూడండి. పోస్టాఫీసులో పీఎల్ఐ (తపాలా జీవిత బీమా), గ్రామీణ పీఎల్ఐ పాలసీలుంటాయి, వాటికి పోస్టాఫీసులోనే అడగాలి.

ఉద్యోగం చేస్తూ పోయినవారైతే పే స్లిప్పే అన్నిటికన్నా మేలు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఆంధ్రాలో ఏపీజీఎల్ఐ, తెలంగాణలో టీజీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) కోత అందులో కనిపిస్తుంది. పీఎఫ్ ఉన్న ప్రైవేటు ఉద్యోగికి ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటే ఉండే బీమా) కింద 7 లక్షల దాకా వస్తుంది, ఫారం 5 ఐఎఫ్ పెట్టాలి. దీనికి ఉద్యోగి జీతంలో పైసా కోత ఉండదు కాబట్టి, పీఎఫ్, పెన్షన్ తీసుకుని దీన్ని మరిచిపోయే కుటుంబాలు ఎక్కువ.

ఇక బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ తెలిసిన కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి బాగు, తెలియని పాలసీ వెతకడానికి అంతగా పనికిరాదు. రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో బ్యాంకు డిపాజిట్లే తప్ప బీమా ఉండదు.

కాబట్టి మరణం ఇటీవలిదైతే వరస ఇదీ: ముందు స్టేట్‌మెంట్, పే స్లిప్; ఆపైన బ్రాంచి; చివరకు వెబ్‌సైట్. మనిషి పోయి చాలా ఏళ్లయి, పాలసీ గడువు కూడా ఎప్పుడో తీరిపోయి ఉంటే మాత్రం ఈ వరస తిరగెయ్యండి, వెబ్‌సైటే ముందు. పదేళ్లు దాటినా ఎవరూ అడగని సొమ్ము సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కు వెళ్తుంది. అలా వెళ్లాక కూడా 25 ఏళ్ల వరకు అదే బీమా కంపెనీ ద్వారా అడగొచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు వెబ్‌సైట్ సులువే గానీ, నామినీ అమ్మ అయితే సంతకాలు ఆమెవే కావాలి, బ్రాంచి పని ఆమెతో కానిచ్చేయొచ్చు.

పాలసీ దొరికాక ఎల్ఐసీలో క్లెయిమ్‌కు ఫారం 3783, డెత్ సర్టిఫికెట్, నామినీ గుర్తింపు, బ్యాంకు వివరాలు కావాలి. పాలసీ బాండు పోతే ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే భరిస్తామన్న హామీపత్రం) రాసివ్వాలి. నామినీ లేకపోయినా, ఆ నామినీ ముందే పోయినా, వారసత్వ పత్రాలు అడుగుతారు, ఆలస్యం ఎక్కువ అయ్యేది ఇక్కడే. పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు మరణమైతే ఆసుపత్రి కాగితాలతో విచారణ జరుగుతుంది. మూడేళ్లు దాటాక బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం పాలసీని ప్రశ్నించలేరు.

"మీ నాన్నగారి బోనస్ వచ్చింది, ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి, ఐఆర్‌డీఏఐ అలా ఫోన్లు చేయదు. కంపెనీ క్లెయిమ్ కాదంటే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తీర్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు. 50 లక్షల దాకా వివాదం వింటారు, రుసుము లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.