డాక్టర్ గదిలోనే హెచ్‌బీఏ1సీ టెస్ట్: కొన్నేళ్లు చేయించుకున్నాక నా మాట

డాక్టర్ ముందు కూర్చునేసరికే రిజల్ట్ వచ్చి ఉండటం. ఈ టెస్ట్‌లో నాకు నచ్చింది ఇదే, చాలా గట్టిగా నచ్చింది. వేలు గుచ్చి ఒక చుక్క కార్ట్రిడ్జ్‌లోకి తీసుకుంటారు, బరువు, బీపీ చూసి రాసుకునేలోపు మెషిన్ మూడు నెలల షుగర్ సంగతి చెప్పేస్తుంది. ఇంతకుముందు ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, రిపోర్టు తెచ్చుకుని, మళ్లీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ మధ్య ఏం తిన్నానో, నడక ఎప్పుడు మానేశానో నాకే గుర్తుండేది కాదు. ఇప్పుడు నంబరు కొంచెం పెరిగితే "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందమ్మా?" అని డాక్టరు గారు అక్కడే అడుగుతారు, మోకాలి నొప్పని నేను చెబుతాను, మందు మార్చాలా వద్దా అనేది ఆ కూర్చోవడంలోనే తేలిపోతుంది.

అలా హాయిగా సాగుతుండగా ఒకసారి 7.0 ఉండాల్సింది 7.9 వచ్చింది. లెక్క ప్రకారం 7.0 అంటే సగటు షుగర్ 154, 7.9 అంటే 180 దాకా. ఇంట్లో గ్లూకోమీటర్‌లో మాత్రం పరగడుపున, తిన్నాక కూడా ఎప్పటి అంకెలే. మీటర్ రాసుకున్న పుస్తకం తీసి చూపించాను. చాలామంది డాక్టర్లు ఆ పుస్తకం పక్కన పెట్టి నేను వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ డోసు పెంచేవారేమో, ఈవిడ పెంచలేదు. ముందు మెషిన్‌నే అనుమానించారు. ఫ్రిజ్‌లోంచి తీసిన కార్ట్రిడ్జ్ చల్లదనం పోయేదాకా ఆగి మళ్లీ చేయిస్తే 7.8. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌కు పంపితే అక్కడా 7.9. అంటే మెషిన్ తప్పేం లేదు. దాంతో నాకు టెన్షన్ ఇంకా పెరిగింది.

అసలు సంగతి ఆ రక్తంతోనే చేసిన ఇంకో టెస్ట్‌లో బయటపడింది. హిమోగ్లోబిన్ 9.6 మాత్రమే, ఐరన్ నిల్వలూ బాగా తక్కువ. నెలసరిలో ఎక్కువగా పోతున్నా వయసు వల్లేలే అనుకున్నాం ఇంట్లో అందరం. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ బతికినంతకాలం హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అంటుకుంటూ ఉంటుంది, ఈ టెస్ట్ కొలిచేది దాన్నే. ఐరన్ లోపం ఉన్నప్పుడు షుగర్ పెరగకపోయినా ఆ నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చట. రక్తకణాలు త్వరగా చనిపోయే జబ్బుల్లో, రక్తం ఎక్కించుకున్నాక దీనికి ఉల్టాగా తక్కువ కూడా రావచ్చు. ఆ రోజు డోసు పెంచి ఉంటే నా షుగర్ పడిపోయేది, ఆ మాత్రతో అది మామూలే, ఆ ఆలోచనే ఇప్పటికీ భయం వేస్తుంది.

ఐరన్ వాడుతుంటే కొత్త కణాలు పుట్టుకొస్తాయి, వాటికి ఇంకా గ్లూకోజ్ అంతగా అంటుకుని ఉండదు కాబట్టి ఆ కొన్నాళ్లు ఏ1సీని పట్టించుకోకుండా ఫ్రక్టోసమైన్ అనే ఇంకో రక్త పరీక్ష చేయించారు, అది గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. తర్వాత పాత మాత్రలతోనే ఏ1సీ 7.1కి వచ్చింది.

కాబట్టి "అక్కడే తేలిపోతుంది" అని పైన రాశానే, అది రక్తం మామూలుగా ఉన్నప్పటి మాట. నా కోపం ఒక్కటే, మెషిన్ ఇచ్చే చీటీ మీద ఆ ఒక్క నంబరే ఉంటుంది, హిమోగ్లోబిన్ ఎంతుందని ఎవరూ అడగరు. అలాగని గ్లూకోమీటర్ దేవుడేం కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100 దాటిన రీడింగ్ 15 శాతం అటూఇటూ ఉండొచ్చు, రక్తహీనత ఉంటే కొన్ని మీటర్లు కాస్త ఎక్కువ చూపిస్తాయి కూడా. నాకు పనికొచ్చింది రెండూ పక్కపక్కన పెట్టి చూడటం.

నాది టైప్ 2, మాత్రలే, ఇన్సులిన్ లేదు. నాలాంటివాళ్లకు మూడు నెలలకోసారి చూసుకోవడానికి ఇది చేయించుకోండి అనే చెబుతాను, నేనైతే మానను. గర్భిణులు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లు మాత్రం నా మాట పట్టుకోకండి, మీ డాక్టరునే అడగండి. అసలు షుగర్ ఉందా లేదా అని మొదటిసారి తేల్చుకోవాలంటే, 6.5 దాటినా సరే, నేనైతే ల్యాబ్‌లో ఇంకోసారి చేయించుకున్నాకే మాత్ర మొదలుపెడతాను.