పొట్టివాళ్లకి హాఫ్ విండ్సరే దారి: ఏళ్ల తరబడి టై కట్టాక నా మాట

మెడికల్ రెప్ ఉద్యోగంలో టై తప్పదు. ఉండేది బరంపురంలో, తిరిగేది పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. మే నెల ఉక్కలో కూడా డాక్టరుగారి గది బయట కాలర్ బొత్తాం పెట్టుకుని, టై సర్దుకుని కూర్చోవాల్సిందే. ఇన్నేళ్లుగా రకరకాల ముళ్లు మార్చి మార్చి కట్టాక నాకు తేలిందేమిటంటే, టై ముడిని అందం చూసి ఎంచుకుంటే లాభం లేదు. ముందు పొడవు చూసుకోవాలి.

టై కొస బెల్టు బకిల్‌ని తాకాలన్నది అందరికీ తెలిసిన లెక్కే. బజార్లో దొరికే మామూలు టై 57, 58 అంగుళాలు ఉంటుంది. అందులో మెడ చుట్టూ కొంత పోతుంది, ముడి కొంత తింటుంది, మిగిలింది రెండు కొసలుగా వేలాడుతుంది. చాలామంది స్కూల్లో నేర్చుకున్న ఫోర్-ఇన్-హ్యాండ్ ముడి చాలా తక్కువ గుడ్డతో అయిపోతుంది. పొడగరికి అది వరం. నాది అయిదడుగుల నాలుగంగుళాలు, కాలర్ 15. నాకు ఆ ముడితో గుడ్డ బోలెడు మిగిలిపోతుంది. వెడల్పు కొసని బకిల్ దగ్గర ఆపితే ఆ మిగులంతా సన్న కొసకి చేరి, అది వెనకనుంచి కిందికి తొంగి చూస్తుంది. సన్న కొసని దాచితే వెడల్పుది బెల్టు దాటి జిప్పు మీదికి దిగుతుంది. మా టీములో చేరిన ఒక పొట్టి కుర్రాణ్ని పర్లాకిమిడిలో ఓ డాక్టరుగారు, "ఏటయ్యా, నీకు టై కట్టారా, టైకి నిన్ను కట్టారా?" అనేశారు.

హాఫ్ విండ్సర్ అనే ముడి సరిగ్గా ఆ మిగులునే మింగేస్తుంది. వెడల్పు కొసని సన్నదాని మీదుగా దాటించి, వెనకనుంచి తిప్పి, ముందునుంచి పైకెత్తి మెడ సందులోకి దించాలి. ఈ ఒక్క చుట్టులోనే అదనపు గుడ్డ పోతుంది. తర్వాత ముందు అడ్డంగా తిప్పి, లోపలినుంచి పైకి తీసి, ముందు పొరలో దూర్చి లాగడమే. నేను పెట్టుకున్న గుర్తు చొక్కా బొత్తాలు. కాలర్ బొత్తాం వదిలేసి, పైనుంచి నాలుగో బొత్తాం దగ్గర సన్న కొస ఉండేలా చూసి మొదలుపెడతాను. కట్టాక అంగుళం పొడవనిపిస్తే ముడి పట్టుకుని గుంజుకోకుండా, విప్పేసి, సన్న కొసని అంగుళం కిందికి దించి మళ్లీ కడతాను. ఒక్కో టైకి ఒకసారి గుర్తు దొరికితే ఇక అద్దం కూడా అక్కర్లేదు. బస్సులో నిలబడి కూడా కట్టేయొచ్చు.

ఫుల్ విండ్సర్ ఇంకా ఎక్కువ తింటుంది కదా, పొట్టివాళ్లకి అదే మంచిది కాదా అని అడుగుతారు. పొడవు వరకూ నిజమే. కానీ ఇక్కడ రెడీమేడ్ షాపుల్లో దొరికే చొక్కాలకి కాలర్ రెక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అంత లావు ముడి వాటి మధ్య ఇమడదు, రెక్కలు పైకి లేస్తాయి. పైగా సన్న మొహానికి ఆ ముడి మరీ పెత్తనం చేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ పేరుకి కారణమైన విండ్సర్ ప్రభువు (ఒకప్పటి ఇంగ్లండు రాజు ఎనిమిదో ఎడ్వర్డ్) ఆ ముడి కట్టేవాడే కాదట. లోపల మందపాటి గుడ్డ వేయించిన టైలకి మామూలు ఫోర్-ఇన్-హ్యాండే వేసేవాడు.

మందపాటి గుడ్డకి చిన్న ముడే చాలన్న సంగతి నాకు మా ఊరి పట్టుతో బాగా తెలిసొచ్చింది. మిగిలిన బరంపురం పట్టు ముక్కతో ఓ టై కుట్టించాను. మందం వల్ల దానికి చిన్న ముడే లావుగా వస్తుంది, హాఫ్ విండ్సర్ వేస్తే గొంతుకి అడ్డం. కాబట్టి దానికి మాత్రం ఫోర్-ఇన్-హ్యాండే, దర్జీకి చెప్పి పొడవు కూడా తగ్గించుకున్నాను. దర్జీ గుడ్డని నిలువుగా కోశాడు, అందుకే వేలాడదీస్తే మెలి తిరుగుతుంది. కంపెనీ టైలు 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కుడతారు. 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన ఆ పద్ధతి తెచ్చాడు. ముడి విప్పగానే ముడతలు పోయి టై మళ్లీ తిన్నగా వేలాడటం దాని చలవే.

ఫోర్-ఇన్-హ్యాండ్‌కీ హాఫ్ విండ్సర్‌కీ మధ్యస్థం ప్రాట్ అనే ముడి. టైని తిరగేసి, కుట్టు బయటికి కనిపించేలా పెట్టి మొదలుపెట్టాలి. ముడి చక్కగా, రెండు వైపులా సమానంగా వస్తుంది. నా టైలకి పొడవు మాత్రం అర అంగుళం ఎక్కువే అవుతోంది. నా కన్నా కాస్త ఎత్తున్నవాళ్లకి ఇదే మంచిదంటాను. 1999లో ఫింక్, మావో అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు లెక్కలు కట్టి టైకి 85 ముళ్లు వేయొచ్చని నేచర్ పత్రికలో తేల్చారు. వాళ్ల లెక్కలో ఫోర్-ఇన్-హ్యాండ్‌కి 4 కదలికలు, ప్రాట్‌కి 5, హాఫ్ విండ్సర్‌కి 6, విండ్సర్‌కి 8. అదే వరసలో గుడ్డా ఎక్కువ పడుతుందని గుర్తుపెట్టుకుంటే షాపులో తికమక ఉండదు.

వాడకంలో ఒక లోపం చెప్పాలి. హాఫ్ విండ్సర్‌లో రాపిడి ఎక్కువ, చెమటకి ముడి పడే చోట గుడ్డ త్వరగా పోగులు లేస్తుంది. రాత్రి ముడి అలాగే వదులు చేసి కొక్కేనికి తగిలిస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. కట్టిన వరసకి తిరుగు వరసలో విప్పి, చుట్టి పెట్టుకోవాలి.

ఇంకొకటి, ప్యాంటు. ఇప్పుడొచ్చే లో-వెయిస్ట్ ప్యాంట్లలో బెల్టు కాస్త కిందికి దిగుతుంది. వాటి మీద నా హాఫ్ విండ్సర్ బకిల్‌ని అందుకోదు, ఆ రోజు ప్రాట్ కడతాను.